ఒడి నింపే ముందు ఒక సంతకం

మా ప్రెస్సులో ఆడవాళ్లను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. ఒడి నింపి పంపిస్తారు.

ఈ మాట అర్థం కావాలంటే ముందు మా ప్రెస్సు గురించి చెప్పాలి. పాత బస్తీలో ఒక సందు, ఆ సందంతా పెళ్లికార్డుల దుకాణాలే. వాటిలో కాస్త పెద్దది మాది. కింద షాపు, వెనక రేకుల షెడ్డులో మిషన్లు, మొదటి అంతస్తులో కంపోజింగు, ఆ పైన యజమాని ఇల్లు. అందరం కలిపి ఇరవై మందికి పైగా పనిచేస్తాం. నాది తెలుగు కార్డుల కంపోజింగు. నా పక్క కంప్యూటర్ మీద ఉర్దూ కార్డులు చేసే పెద్దాయన కూర్చుంటాడు, ఆయన అందరికీ చాచా. యజమానిని సేట్ అంటాం. వాళ్లది తరాలుగా ఇక్కడే వ్యాపారం చేస్తున్న కుటుంబం. గల్లా దగ్గర కూర్చునేది సేటే గానీ పెత్తనమంతా వాళ్లమ్మది. ఎనభైకి దగ్గర పడిన ఆ మనిషిని మేమంతా పెద్దమ్మ అని పిలుస్తాం.

ప్రెస్సులో పనిచేసే ఆడపిల్ల ఎవరైనా కడుపుతో ఉంటే, ఏడో నెలలో మంచి శుక్రవారం చూసి పెద్దమ్మ పళ్లెం పట్టుకుని కిందికి దిగుతుంది. పళ్లెంలో చీర, జాకెట్ గుడ్డ, పసుపు కుంకుమ, కొబ్బరికాయ, ఖర్జూరాలు, పళ్లు, డజను గాజులు. మిషన్లు ఆపేస్తారు. ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, కొంగు పట్టమని, అవన్నీ ఒడిలో పోసి, అందరితో అక్షింతలు వేయించి, ఆటో మాట్లాడి ఇంటికి పంపిస్తారు. అంతే, ఆ పిల్ల మళ్లీ రాదు. రావద్దని ఎవరూ అనరు, రమ్మనీ అనరు. వారం తిరిగేసరికి ఆమె చోట ఇంకొకరు కూర్చుని ఉంటారు.

నేను చేరిన ఆరేళ్లలో నలుగురిని అలా పంపించారు. ఆ నలుగురి నెత్తి మీదా నేనూ అక్షింతలు వేశాను, చప్పట్లు కొట్టాను, ఖర్జూరాలు తిన్నాను. నా తప్పు కూడా అందులో ఉంది, దాచుకోను.

వాళ్లలో ఒకామె బైండింగులో పనిచేసేది. కార్డు మడత పెడితే మిషను కూడా సిగ్గుపడాలి, అంత నేర్పు. ఒకరోజు ఉప్పుగూడ స్టేషన్ దగ్గర కనిపించింది. చంకలో బిడ్డ, చేతిలో కూరగాయల సంచి. ఇప్పుడేం చేస్తున్నావక్కా అంటే, చీరలకు ఫాల్స్ కుడుతున్నానంది. మళ్లీ ప్రెస్సుకు ఎందుకు రాలేదని అడిగాను.

"ఎట్ల వస్త చెల్లె? అందరి ముందట గంత మర్యాద చేసినంక, నా నౌకరి సంగతేందని ఎట్లడుగుత? మొఖం చెల్లలే."

ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. తిట్టి పంపిస్తే తిరగబడొచ్చు. చీర పెట్టి పంపిస్తే ఏం చేస్తాం?

అలాంటి ప్రెస్సులో ఉండగా నాకు నెల తప్పింది. పెళ్లయిన నాలుగేళ్లకు తొలిచూలు. మా ఆయన ఫలక్‌నుమాలో మోటార్లు రిపేరు చేసే షెడ్డు నుంచి మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. మా అత్తమ్మ ఆ సాయంత్రమే మనవడికి మూడు పేర్లు, మనవరాలికి రెండు పేర్లు ఆలోచించి పెట్టింది. ఆలు లేదు చూలు లేదు అని సామెత చెబుదామంటే మా ఇంట్లో ఆలూ చూలూ రెండూ ఉన్నాయి గనుక నేనేం అనలేకపోయాను. నాకూ సంతోషమే, కాళ్లు నేల మీద ఆనలేదు. కానీ పడుకునే ముందు ఆ పళ్లెం గుర్తొచ్చింది. చీర ఏ రంగుదో కూడా కళ్ల ముందు కనిపించింది.

నాకు నా కంప్యూటర్ ముందున్న కుర్చీ కావాలి. ఇంతకంటే చుట్టు తిప్పి చెప్పడం నాకు రాదు. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, టైపింగు నేర్చుకుని, కంప్యూటర్ నేర్చుకుని, ముగ్గురు తాతల పేర్లూ ఒక డాక్టరు బావ డిగ్రీలూ ఒకే కార్డులో ఇరుకు లేకుండా సర్దే స్థాయికి వచ్చాను. ఏ కార్డు మీదా నా పేరు ఉండదు. అయినా ఈ ఊళ్లో వేల పెళ్లిళ్లు నా వేళ్ల మీదుగా నడిచాయి. ఒక కొబ్బరికాయ తీసుకుని దాన్నంతా వదులుకోమంటే నా వల్ల కాదు.

ఐదో నెల దాకా ఎవరికీ చెప్పొద్దని అత్తమ్మ ఆజ్ఞ, దిష్టి తగులుతుందట. నేనూ నోరు మెదపలేదు. కానీ పెద్దమ్మ కళ్లు కప్పడం ఎవరి తరం? పాత శాంపిళ్లన్నీ అటక మీద ఉంటాయి. స్టూలు ఎక్కి దించుకునేదాన్ని కాస్తా, ఆ మధ్య షెడ్డులో మిషన్లు నడిపే మిషను అన్నను బతిమాలి దింపించుకోవడం మొదలుపెట్టాను. రెండోసారికే ఆమె పట్టేసింది.

"ఎన్నో నెల బిడ్డా?" అంది మెట్ల మీద నిలబడి, గట్టిగా, షెడ్డుకు కూడా వినపడేలా.

"నాలుగు నిండినయి పెద్దమ్మా."

"అయితే శ్రావణంల ఏడో నెల. మంచిగొచ్చింది," అని వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నా సెలవు ఎప్పుడు మొదలుకావాలో ఊరంతా నిర్ణయించడం మొదలుపెట్టింది. సేట్‌కు కాలమంటే రెండే రకాలు, ముహూర్తాలున్న కాలం, లేని కాలం. "ఆషాఢంల పనుండది గద, గప్పట్నుంచే ఇంట్ల ఉండు," అన్నాడు ఎంతో దయగా.

"బిడ్డ పుట్టేది కార్తీకంల సేట్."

"గయితే ఇంకా మంచిది. మస్తు రెస్టు దొరుకుతది."

అత్తమ్మ లెక్క వేరు. ఏడో నెలలో తల్లిగారింటికి వెళ్లాలి, ఎనిమిదో నెలలో కదలకూడదు, కాదంటే తొమ్మిదిలో వెళ్లాలి. సరే, మా అమ్మకు ఫోను చేశాను. అమ్మావాళ్లు ధూల్‌పేట్‌లో అద్దెకుంటారు. వానాకాలం వచ్చిందంటే వినాయకుడి విగ్రహాలకు రంగులు వేసే పని, చవితి దాకా ఊపిరాడదు.

"ఏడో నెలంటే శ్రావణం గద బిడ్డా," అంది అమ్మ ఇబ్బందిగా. "ఇంట్ల పదిహేను మంది వినాయకులుంటరు. నువ్వు కాలు చాపుకుందామంటే జాగ ఉండది. నీకు రంగుల వాసన గూడ మంచిది గాదు."

దేవుళ్లే అడ్డొచ్చారు గనుక అత్తమ్మ ఏమీ అనలేకపోయింది. ఎనిమిదో నెల ఎలాగూ కదలకూడదు. కాబట్టి దసరా దాటాక తొమ్మిదో నెలలోనే ప్రయాణమని తేలింది. నేను నోరు తెరిచి అడగకుండానే ఇంట్లోవాళ్ల ఆచారం నా పక్షాన నిలబడింది. ఆ రోజు వినాయకుడికి మనసులోనే ఒక కుడుము ఎక్కువ మొక్కుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మను నేరుగా అడిగాను, ఎప్పటిదాకా పని చెయ్యొచ్చని. రక్తం బాగుంది, బీపీ బాగుంది, ఓపికున్నన్ని రోజులు చేసుకో, బరువులెత్తకు, గంటకోసారి లేచి నాలుగడుగులు నడువు అంది. సెలవు రూలు కూడా ఆమె దగ్గరున్న నర్సమ్మే వివరంగా చెప్పింది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఆడవాళ్లకు ఇరవై ఆరు వారాల సెలవు, జీతంతో సహా. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించి వాడుకోకూడదు. సెలవులో ఉండగా పనిలోంచి తీసెయ్యకూడదు. ముందుగా రాసి ఇవ్వాలి.

ఇంటికొచ్చి గోడ క్యాలెండర్ దించి, స్టిక్కరు బొట్ల అట్ట తీసుకుని కూర్చున్నాను. వారానికో బొట్టు. కాన్పుకు ముందు ఎనిమిది అంటిస్తే తర్వాత పద్దెనిమిదే మిగులుతాయి. ముందు తీసుకున్న ప్రతి వారమూ బిడ్డ దగ్గర్నుంచి లాక్కున్నట్టే. నాలుగు అంటించి చూశాను, పీకేశాను. మూడు, పీకేశాను. చివరికి రెండు దగ్గర ఆగాను. రెండు వారాలు ముందు, ఇరవై నాలుగు వారాలు తర్వాత. మొదలు దీపావళి దాటాక, తిరిగి రావడం వైశాఖం పెళ్లిళ్ల పని జోరందుకునే వేళకు. కార్తీకం కార్డులన్నీ అప్పటికే అచ్చయిపోయి ఉంటాయి. నా బిడ్డకూ నష్టం లేదు, ప్రెస్సుకూ నష్టం లేదు. అన్నం తింటూ మా ఆయన ఆ క్యాలెండర్ చూసి అడిగాడు.

"ఏందిది? క్యాలెండర్‌కు శ్రీమంతం చేస్తున్నవా?"

"నా సెలవు ఖాయం చేస్తున్న."

"సేట్ ఒప్పుకుంటడా?"

"ఒప్పుకోడు. ఒప్పిస్త."

నవ్వాడు గానీ, పడిపోతున్న ఒక బొట్టును తనే బొటనవేలితో నొక్కి అంటించాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఆరేళ్లుగా రోజూ రాసిందే రాసిన చేతులు కదా, వాటి పాటికి అవి పరుగెత్తాయి. రాశాక చాచాకు చదివి వినిపించాను. శ్రీరస్తు, శుభమస్తు. దైవ నిశ్చయం ప్రకారం, పెద్దలు నిశ్చయించిన సుముహూర్తమున నా ప్రసూతి సెలవు ప్రారంభం కాగలదు. కావున తాము సకుటుంబ సపరివార సమేతంగా... అక్కడ నాకే నవ్వొచ్చి ఆగిపోయాను. చాచా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"మాషా అల్లా, భోజనాలు ఎన్ని గంటలకు?" అన్నాడు. నవ్వు తగ్గాక మెల్లగా అడిగాడు. "బేటీ, పెద్దలు నిశ్చయించిండ్రు అన్నవు. ఏ పెద్దలు?"

"ఏ పెద్దల్లేరు చాచా. నేనే."

"మరి గదే రాయి."

పెళ్లికూతురి తరఫున పెద్దలు నిశ్చయించడం, పెళ్లికొడుకు తరఫున పెద్దలు నిశ్చయించడం, వేలసార్లు కొట్టాను. నేను నిశ్చయించుకున్నానని ఒక్కసారి కూడా కొట్టిన గుర్తు లేదు. అంతా చెరిపేసి మళ్లీ రాశాను. నాకు ఫలానా తేదీన కాన్పు అవుతుందని డాక్టరు చెప్పారు. ఫలానా తేదీ నుంచి ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు తీసుకోవాలని నేను నిర్ణయించుకున్నాను. ఫలానా తేదీన తిరిగి పనిలో చేరతాను. డాక్టరు చీటీ జతచేశాను. నాలుగే వాక్యాలు. అంచుల్లో పువ్వుల్లేవు, పైన వినాయకుడి బొమ్మ లేదు. నేను కంపోజ్ చేసిన వాటిలో అంత అందమైన కాగితం ఇంకోటి లేదని ఇప్పటికీ అనుకుంటాను.

"రెండు కాపీలు తీయ్," అన్నాడు చాచా. "జబానీ మాట నక్కో, నోటి మాటకు విలువుండది. ఒకటి సేట్‌కియ్యి, ఇంకోదాని మీద సహీ తీస్కొని నీ సంచిల పెట్టుకో."

ఆషాఢం చివరి వారంలో ఆ రెండు కాగితాలూ సేట్ ముందు పెట్టాను. చదివాడు, మళ్లీ చదివాడు. మంచి మనిషే, గొంతు పెంచడం ఎరగడు. అదే కష్టం.

"ఇంట్ల మనిషివి. మనకు మనకు కాగితాలేందమ్మా?"

"ఇంట్ల మనిషినే సేట్. అయినా ఒక సంతకం పెట్టుండ్రి, ముట్టిందని."

"బోనాల లొల్లి కానీ, చూద్దాం."

బోనాలు అయ్యాయి. అమావాస్య ముందర సంతకాలేంది అన్నాడు. అమావాస్య వెళ్లింది. ఇవాళ మంగళవారం అన్నాడు. బుధవారం అడిగితే ఆడిటర్ రానీ అన్నాడు. ఆడిటర్ వచ్చిన రోజు నేను నీళ్ల కుండ దగ్గరే తచ్చాడాను. రూలు ఉంది సేట్, ఇయ్యాల్సిందే అని ఆయన చెప్పడం నా చెవులారా విన్నాను. సేట్ మొహం చింతకాయ కొరికినట్టు అయింది. అయినా సాయంత్రం వెళ్లి అడిగితే నీళ్లు నమిలాడు. "అమ్మనడగాలె," అన్నాడు చివరికి. రెండు కాపీలూ గల్లా పక్కన పెట్టిన అట్ట కింద అలాగే ఉన్నాయి.

అప్పుడు నాకు ఆయన పథకం అర్థమైంది. అది పథకమని ఆయనకే తెలుసో లేదో గానీ, శ్రావణ శుక్రవారం దాకా సాగదీస్తే చాలు. పళ్లెం దిగుతుంది, ఒడి నిండుతుంది, నా నోరు మూతపడుతుంది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నా విషయంలో అది తిరగబడింది. కడుపొచ్చాక మొహమాటం పోయింది.

శ్రావణంలో మూడో శుక్రవారం పొద్దున్నే షాపు కడిగి ముగ్గు వేశారు. నాకు కబురు రాలేదు గానీ ముగ్గు చూసి తెలుసుకున్నాను. పదకొండు గంటలకు మిషన్లు ఆగాయి. షెడ్డులోంచి, బైండింగులోంచి అందరూ వచ్చి నిలబడ్డారు. కుర్చీ మీద కొత్త తువ్వాల పరిచారు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. పళ్లెంలో చీర ఆకుపచ్చది. నాకు నచ్చిన రంగే, అదొక బాధ.

"కూసో బిడ్డా," అంది.

నేను కూర్చోలేదు. లోపల పాప ఒక తన్ను తన్నింది.

"కూసుంట పెద్దమ్మా. అంతకుముందుగాల ఒక్క మాట. తొలిచూలుకు ఒడి ఎవరు నింపుతరు?"

"ఎవరేంది, తల్లిగారోళ్లు."

"మరి మీరెందుకు నింపుతున్నరు?"

సేట్ గల్లా దగ్గర్నుంచి లేచాడు. "ఏందమ్మా గా మాటలు?" అన్నాడు. పెద్దమ్మ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది.

"నా దగ్గర పనిచేసే ఆడపిల్లలందరు నా బిడ్డలే. గందుకు నింపుత. ఏం, తప్పా?"

"తప్పు గాదు. మరి ఇది నా తల్లిగారిల్లే గద?"

"కాదని ఎవరన్నరు?"

"తల్లిగారోళ్లు ఒడి నింపి పంపిస్తే, బిడ్డ మళ్ల గడప తొక్కదా పెద్దమ్మా? నాకంటె ముందుగాల నలుగురికి నింపిండ్రు. ఒక్కరన్న మళ్ల వచ్చిండ్రా?"

ఆమె మొహం ఎర్రబడింది. "ఒడి కాడ లొల్లి పెడతవా?" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, మింగేశాను. పెద్దమ్మ పళ్లేన్ని పక్కనున్న స్టూలు మీద పెట్టించి, కుర్చీలో తనే కూర్చుంది. కొడుకు వైపు తిరిగింది.

"వాళ్లే రాలేదు గదరా?"

సేట్ గల్లా పక్కనున్న అట్ట సర్దాడు.

"మనం పిలిస్తిమా?"

మిషను అన్న మెల్లగా అన్నాడు. "వారం తిరగకముందుకే వేరేటోళ్లను పెట్టుకుంటిమి గద పెద్దమ్మా."

నిజమా అన్నట్టు ఆమె మిషను అన్ననూ కొడుకునూ మార్చి మార్చి చూసింది. నిజంగానే ఆమెకు తెలియదని నాకు అప్పుడర్థమైంది. నలుగురు బిడ్డలకు ఒడి నింపి మురిసిపోయిన ముసలామె, ఆ తర్వాత ఏం జరిగిందో మెట్లు దిగి చూడలేదు. ఇన్నాళ్లూ పళ్లేన్ని చూసి ఆమెను తిట్టుకున్నాను. కోపం పోలేదు గానీ, జాలి కూడా కలిసింది.

"ఇప్పుడు ఏం కావాలె నీకు?" అంది తలెత్తి.

"సేట్ సంతకం. కాగితమిచ్చి మూడు వారాలయింది."

"ఆర్నెల్లు పని లేకుంట జీతమియ్యాలంటున్నది అమ్మా," అన్నాడు సేట్.

"నువ్వు పుట్టినప్పుడు నేను ఆర్నెల్లు గల్లా మీద కూసోలే. ఈ ఇంట్ల నాకు ఎవరన్న అన్నం బంద్ వెట్టిండ్రా?"

వెనక బైండింగు అమ్మాయిల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సేట్ అట్ట కింది నుంచి కాగితాలు తీశాడు. పెద్దమ్మ వాటిని అందుకోలేదు.

"నువ్వే చదువు బిడ్డా. అందరు విననీ."

చదివాను. నాలుగు వాక్యాలే కదా. నేను నిర్ణయించుకున్నాను అన్నచోట గొంతు కాస్త ఎక్కువగానే లేచింది. వెనక చాచా దగ్గాడు, అది ఆయన చప్పట్లు కొట్టే పద్ధతి. చదవడం అయ్యాక పెద్దమ్మ వేళ్ల కణుపులు లెక్కపెట్టి, మొహం చిట్లించింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"గదేందే, మంగళవారం నాడు మొదలువెడతరా ఎవరన్న? బుధవారం చెయ్యి."

అంతే! ఇరవై ఆరు వారాల్లో ఆమెకు కనిపించిన లోపం ఆ ఒక్క మంగళవారమే. సోమవారం దాకా పనిచేసి, మంగళవారం నుంచి అని తారీఖు చూసి రాసుకున్నాను గానీ, వారం సంగతి పట్టించుకోలేదు. పెళ్లికార్డులు చేసే మనిషి చేసే తప్పేనా అది! ఏడో నెల కడుపుతో మెట్లెక్కాను. తేదీలు మార్చి, రెండు కాపీలు మళ్లీ తీసుకుని దిగాను. అప్పటిదాకా ఇరవై మంది, ఆగిపోయిన మిషన్లు, ఒక ఆకుపచ్చ చీర నా కోసం ఎదురుచూశారు. మర్యాద అంటే అదీ. నా జన్మలో నాకు దక్కిన అసలైన మర్యాద.

సేట్ జేబులు తడుముకుంటుంటే చాచా తన పెన్ను ఇచ్చాడు. రెండు కాగితాల మీదా సంతకం, తేదీ, ప్రెస్సు ముద్ర. పెద్దమ్మ పళ్లెంలోని పసుపు తీసి, శుభలేఖకు పెట్టినట్టే రెండింటికీ నాలుగు మూలలా పెట్టింది. ఒకటి నా చేతికిచ్చి, "ఇగ కూసో," అని కుర్చీలోంచి లేచింది.

కూర్చున్నాను. కొంగు పట్టాను. చీర, కొబ్బరికాయ, ఖర్జూరాలు, పళ్లు ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే ఈసారి కన్నీళ్లు ఆపుకోలేదు. ఆపాల్సిన అవసరమూ లేదు. అందరూ అక్షింతలు వేశారు. సేట్ అలవాటు కొద్దీ, "ఆటో పిలువుండ్రి," అన్నాడు.

"ఆటో ఎందుకు సేట్? ఇంకా రెండున్నర నెలలున్నది," అని ఒడి మూటను భుజాన వేసుకుని నా కుర్చీ దగ్గరికి వెళ్లాను. సగంలో ఆపిన కార్డు ఒకటి తెరమీద అలాగే ఉంది. పెళ్లికూతురి మేనమామల పేర్లు నింపుతూ సగం ఖర్జూరాలు నేను తిన్నాను, సగం చాచా తిన్నాడు.

దీపావళి దాటాక వచ్చిన మంగళవారం దాకా పనిచేశాను. ఆఖరి నెలలో అమ్మావాళ్లింటి నుంచే పనికి వచ్చేదాన్ని. కాళ్లు వాచేవి, స్టూలు మీద పెట్టుకుని కొట్టేదాన్ని. గంటకోసారి లేచి, మిషన్ల చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నావని అందరూ ఏడిపిస్తుంటే నడిచేదాన్ని. నా బదులు ఆరు నెలలు కూర్చోవడానికి ఒక అమ్మాయిని నేనే వెతికి, నేనే పని నేర్పించాను. ఆరు నెలలకే అని ఆమెకూ ముందే చెప్పించాను. అమ్మావాళ్లింట్లో వినాయకులంతా నిమజ్జనానికి వెళ్లిపోయాక ఖాళీ అయిన గదిలో, రంగుల మరకల గోడ పక్కన పడుకుని కాన్పు కోసం ఎదురుచూశాను. డాక్టరు చెప్పిన తేదీకి మూడు రోజులు ముందు కూతురు పుట్టింది. అత్తమ్మ ఆలోచించిన రెండు పేర్లూ కాకుండా మూడో పేరు నేను పెట్టాను. అప్పటికే నిర్ణయాలు తీసుకోవడం అలవాటైపోయింది.

ఇరవై నాలుగు వారాలు ఆ పిల్లను గుండెల మీద నుంచి దించలేదు. బోర్లాపడటం చూశాను, మొదటిసారి గట్టిగా నవ్వడం విన్నాను. ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్న రోజులు కావవి, నావి. సెలవు ముగిసిన మర్నాడు, బుధవారం పొద్దున వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఎవరో ఎత్తు మార్చారు, సరిచేసుకున్నాను. పాలవేళకు అత్తమ్మ పాపను ఆటోలో తెచ్చేది, పెద్దమ్మ పైన తన గది తలుపు తీసి ఉంచేది. నా బదులు కూర్చున్న అమ్మాయి పని బాగా చేస్తుందని సేటే ఆమెను ఇంగ్లిష్ కార్డులకు పెట్టుకున్నాడు. ఒకరిని తీసేస్తేనే ఇంకొకరికి చోటు అనుకున్న మనిషికి, ఇద్దరికీ పని సరిపోయిందని అప్పుడు తెలిసింది.

పాపకు ఇప్పుడు రెండేళ్లు. మొన్న బైండింగులో ఒక పిల్లకు ఏడో నెల వచ్చింది. శుక్రవారం ముగ్గు వేశారు, మిషన్లు ఆగాయి, అందరం వెళ్లి నిలబడ్డాం. పెద్దమ్మకు మోకాళ్లు ఇంకా పాడయ్యాయి, ఇద్దరు పట్టుకుని దింపారు. ఆ పిల్ల బెదురు బెదురుగా కుర్చీలో కూర్చుని కొంగు పట్టబోయింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు బిడ్డా. ముందుగాల చెప్పు, కాగితమిచ్చినవా?"

"ఇచ్చిన పెద్దమ్మా," అంది ఆ పిల్ల. "సంతకం గూడ అయింది."

"మళ్ల ఎప్పుడొస్తవు?"

ఆ పిల్ల తేదీ చెప్పింది, అందరికీ వినపడేలా. అప్పుడు పెద్దమ్మ పళ్లెం అందుకుంది.